దుంప లాగితే విభక్తి వచ్చింది

తాత ఒక టర్నిప్ దుంప నాటాడు. అది అడ్డూ ఆపూ లేకుండా ఊరింది. తాత పట్టుకుని లాగాడు, కదల్లేదు. అవ్వ వచ్చి తాతను పట్టుకుంది, మనవరాలు అవ్వను పట్టుకుంది, ఆ పిల్లను కుక్క, కుక్కను పిల్లి పట్టుకుని అంతా కలిసి లాగినా ఊడలేదు. చివరికి చిట్టెలుక కూడా వచ్చి ఒక చెయ్యి వేశాక దుంప బయటపడింది. రష్యన్ ఇళ్ళలో రెండేళ్ళ పిల్లలకు ముందుగా చెప్పే కథల్లో ఇదొకటి. పేరు 'రేప్క'. రష్యన్‌లో ఆ దుంప పేరే అది. 19వ శతాబ్దంలో అఫనాస్యెవ్ సేకరించిన జానపద కథల్లో దీని రూపం ఒకటి ఉంది. తరవాత ఎందరో తిరగరాశారు.

కథగా చూస్తే ఇందులో పెద్ద విశేషం లేదు. విశేషమంతా ఆ పట్టుకోవడంలో ఉంది. అవ్వ 'బాబ్క'. ఆమెను ఎవరైనా పట్టుకుంటే 'బాబ్కు' అవుతుంది. తాత 'దేద్క', పట్టుకుంటే 'దేద్కు'. రేప్క రేప్కు అవుతుంది, పిల్లి కోష్క కోష్కు అవుతుంది. రష్యన్ నామవాచకాలకు ఆరు విభక్తులు. 'ఆ'తో ముగిసే మాట ద్వితీయా విభక్తిలో 'ఉ' అయిపోతుంది. (తెలుగు చెవికి ఆ 'కు' మన చతుర్థిలా వినిపించి కాసేపు తికమక పెడుతుంది. అది వట్టి కాకతాళీయం.) కొత్త జీవి వచ్చి చేరినప్పుడల్లా గొలుసు మొత్తం మళ్ళీ మొదటినుంచీ చెప్పాలి కాబట్టి, కథ ముగిసేసరికి పిల్లవాడు ఈ మార్పును సుమారు 20 సార్లు వింటాడు. వ్యాకరణం పుస్తకంలో ఇదే పని చేసే అభ్యాసం ఇస్తే పెద్దవాళ్ళు కూడా సగంలో ఆవలిస్తారు. పిల్లలు ఇంకోసారి చెప్పమంటారు.

ఇంట్లో చిన్న పిల్లలకు రష్యన్ నేర్పడమంటే చాలామందికి ముందుగా గుర్తొచ్చేవి బొమ్మల కార్డులు, ఫోన్‌లో యాప్, రంగుల పేర్ల పట్టిక. వాటితో కొన్ని మాటలు వస్తాయి. కానీ రష్యన్‌లో కష్టం మాటల దగ్గర లేదు, మాటల తోకల దగ్గర ఉంది. ఆ తోకలు పట్టికలు చూస్తే రావు. చేతులకు పని ఉన్నచోట వస్తాయి. నేను ఊరికే అనడం లేదు, దీనికి పాత సాక్ష్యం ఒకటి ఉంది.

అలెక్సాండర్ గ్వోజ్దెవ్ అనే రష్యన్ భాషావేత్త 1920లలో తన కొడుకు జేన్య మాటలను ఏళ్ళ తరబడి డైరీలో రాసుకుంటూ వచ్చాడు. దాని ఆధారంగా ఆయన రాసిన పుస్తకం 1949లో వెలువడింది. ఒక పిల్లవాడు రష్యన్ వ్యాకరణాన్ని ఏ వరసలో పట్టుకున్నాడో అంత వివరంగా చెప్పే రికార్డులు అరుదు. ఆ తరవాత అమెరికన్ మనోభాషావేత్త డాన్ స్లోబిన్ ఈ సమాచారాన్ని మళ్ళీ తిరగేసి ఒక సంగతి ఎత్తి చూపాడు. ద్వితీయా విభక్తి ప్రత్యయం పిల్లవాడి నోట అన్ని క్రియలతో ఒకేసారి రాలేదు. ఇవ్వడం, మోయడం, విసరడం, పెట్టడం లాంటి చేతి పనులు ముందు. చదవడం, చూడడం లాంటివి తరవాత. అంటే పిల్లవాడి మనసులో ఆ 'ఉ' మొదట వ్యాకరణ నియమం కాదు. చేతికి చిక్కిన వస్తువు మీద పడే గుర్తు అది. ఇది తెలిశాక దుంప కథను మరో కంటితో చూస్తాం. ఆ కథలో మొదటినుంచీ చివరిదాకా పట్టుకోవడం, లాగడం తప్ప మరో పనే లేదు.

కాబట్టి ఆ కథను చదివి వదిలేయకూడదు, ఆడాలి. ఒక దిండును దుంప చేసి ఇంటిల్లిపాదీ నడుములు పట్టుకుని నిలబడాలి. మూల కథలో చిట్టెలుక 'మిష్క' చిట్టచివరిది. దాన్ని ఎవరూ పట్టుకోరు కాబట్టి దాని పేరు ఒక్కటే మారకుండా మిగిలిపోతుంది. ఆట అక్కడినుంచి పొడిగించాలి. ఎలుకను ఇంట్లో పిల్ల, అనుకుందాం మాషా, పట్టుకుంటే 'మిష్కు'. మాషాను అమ్మ పట్టుకుంటే 'మాషు'. రష్యన్‌లో అమ్మ 'మామ', ఆమెను నాన్న పట్టుకుంటే 'మాము' అవుతుంది. నాన్న 'పాప' కూడా 'పాపు' అవుతాడు. 'ఆ'తో ముగిసే మన ఆడపిల్లల పేర్లకూ ఇదే సూత్రం. రష్యన్ వార్తాపత్రికల్లో ఇందిరను కలిశారని రాయాలంటే 'ఇందీరు' అనే రాసేవారు. ఇవాన్ వచ్చి చేరాడంటే గొలుసులో మెలిక పడుతుంది. అతణ్ణి పట్టుకుంటే 'ఇవాన్' 'ఇవానా' అవుతాడు. మగ ప్రాణికి ఆ తోక వేరు. బల్ల లాంటి ప్రాణం లేని పుంలింగ మాట మాత్రం అసలు మారదు. మనకిది కొత్త కాదు. రాముణ్ణి చూశాను అంటాం, బల్ల చూశాను అంటాం. ప్రాణం ఉన్నదానికి ప్రత్యయం తప్పనిసరి, లేనిదానికి విడిచినా చెల్లుతుంది.

ఇందులో ముచ్చటైన మలుపు ఒకటుంది. మంచుతో చేసిన బొమ్మ 'స్నెగవీక్' రష్యన్ వ్యాకరణంలో ప్రాణి. ఆడుకునే బొమ్మలు కూడా బహువచనంలో ప్రాణుల లెక్కలోకే వెళతాయి. పిల్లల అభిప్రాయంతో వ్యాకరణం ఏకీభవించే అరుదైన సందర్భం ఇది.

ఇంటినుంచి దొర్లిపోయిన గుండ్రటి రొట్టె కథ 'కలబోక్' కూడా దుంప కథ లాంటిదే. దారిలో ఎదురైన ప్రతి జంతువుకూ ఆ రొట్టె తాను ఎవరెవరి నుంచి తప్పించుకొచ్చిందో జాబితా చదువుతుంది. ప్రతిసారీ జాబితాలో ఒకరు పెరుగుతారు. అది షష్ఠీ విభక్తి పాఠం. ఒకే కథను పదేపదే చెప్పడం విసుగైన పనే, కానీ విసుగు పెద్దవాళ్ళది. ఇంగ్లండులో సస్సెక్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో మూడేళ్ళ పిల్లలతో చేసిన ప్రయోగంలో, రకరకాల కథలు విన్నవాళ్ళకంటే ఒకే కథ మళ్ళీ మళ్ళీ విన్నవాళ్ళకు కొత్త మాటలు బాగా పట్టుబడ్డాయి. మాటలు ఎదురైనన్ని సార్లు రెండు గుంపుల్లోనూ సమానమే.

దాగుడుమూతల్లో మరో పాఠం దాగి ఉంది. పిల్లి బొమ్మ పెట్టెలో ఉంటే పెట్టె 'కరోప్కె'. బొమ్మను పెట్టెలోకి దూరుస్తుంటే అదే పెట్టె 'కరోప్కు'. మన 'లో', 'లోకి' తేడా వంటిదే. దాచేటప్పుడు ఒక రూపం, వెతికేటప్పుడు ఇంకో రూపం వాటంతటవే వస్తాయి. చల్లగా ఉన్నావు, వెచ్చగా ఉన్నావు, కాలిపోతున్నావు అని దారి చూపే 'హోలద్న, గరిచో' ఆట కలిపితే సరదా రెట్టింపు. అక్కడ పెద్దవాళ్ళు నోరు మూసుకోవడానికి వీల్లేదు, పిల్లవాడు చెవి మూసుకోవడానికీ వీల్లేదు.

ఇంత శ్రమ ఎవరికి అవసరం? మాస్కోలో పుట్టిన పిల్లకు అక్కర్లేదు. అవసరం న్యూయార్క్ బ్రైటన్ బీచ్‌లో, బెర్లిన్‌లో, టెల్ అవీవ్‌లో పెరుగుతున్న రష్యన్ ఇళ్ళ పిల్లలకు. మన దగ్గర రష్యాలో వైద్యం చదివి అక్కడి అమ్మాయిని పెళ్ళి చేసుకుని వచ్చినవాళ్ళ పిల్లలకూ అంతే. ఆ ఇళ్ళలో రష్యన్ తల్లి గొంతులో తప్ప వీధిలో వినిపించదు. అలాంటి ఒంటరి భాష నిలుస్తుందన్న పూచీ లేదు. బెల్జియంలో అనిక్ డి హౌవర్ దాదాపు 1,900 కుటుంబాలను పరిశీలించి 2007లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఇంట్లో బయటి భాషతోపాటు మరో భాష కూడా వినిపించే కుటుంబాల్లో నాలుగో వంతు పిల్లలు ఆ రెండో భాష మాట్లాడడం లేదు. తల్లి ఒక భాష, తండ్రి ఒక భాష అనే పద్ధతి చాలునని అందరూ నమ్ముతారు. ఇద్దరూ ఇంట్లో ఆ చిన్న భాషనే వాడినచోట పిల్లల నోట అది ఎక్కువగా నిలిచింది. తండ్రికి రష్యన్ రాకపోయినా దుంప లాగేటప్పుడు నాలుగు మాటలు అరిస్తే ఊరికే పోదని నా లెక్క.

అమెరికాలో పెరిగిన రష్యన్ పిల్లల భాషను మరియా పొలిన్‌స్కీ చాలాకాలంగా పరిశోధించింది. ఆమె గమనించిన వాటిలో ఒకటి: రష్యన్ అంతంతమాత్రంగా నిలిచినవాళ్ళలో మూడు లింగాలు రెండైపోతాయి. పోయేది నపుంసకలింగం. కారణం చెవిలో ఉంది. యాపిల్ పండు రాతలో 'ఓ'తో ముగుస్తుంది, నపుంసకం. కానీ ఒత్తు పడని 'ఓ'ను రష్యన్లు 'అ'లాగా పలుకుతారు, 'యాబ్లక' అంటారు. చదవడం రాని పిల్లకు అది అచ్చం స్త్రీలింగంలాగే వినిపిస్తుంది. మన భాషలో లింగం అర్థాన్ని బట్టి, రష్యన్‌లో మాట తోకను బట్టి. ఆ తోకే సరిగా వినిపించకపోతే ఎలా?

రంగుల ఆట ఇక్కడ పనికిరాదు. ఎర్ర బొమ్మ, ఎర్ర పండు అని చెప్పించినా విశేషణాల చివర ఒత్తు పడక 'క్రాస్నయ', 'క్రాస్నయె' ఒకేలా నలిగిపోతాయి. పనికొచ్చేది 'నాది' ఆట. నాది అనే మాటకు రష్యన్‌లో మూడు రూపాలు: మోయ్, మయా, మయో. తేడా ఉన్నచోటే ఒత్తు పడుతుంది కాబట్టి చెవిటివాడికి కూడా వినిపిస్తుంది. సంచిలో బంతి, బొమ్మ, యాపిల్ వేసి ఒక్కొక్కటీ తీస్తూ ఉండాలి. ఎవరు సరైన 'నాది' ముందు అరిస్తే వస్తువు వాళ్ళదే. మూడేళ్ళ వయసులో పిల్లలకు ఇంతకంటే ఇష్టమైన మాట ఇంకేముంది?

ఇక ధ్వనులు. చిట్టెలుక 'మిష్క', బుల్లి ఎలుగు కూడా 'మిష్క'. తెలుగులో రాస్తే రెండూ ఒకటే, రష్యన్ చెవికి ఆమడ దూరం. ఎలుకలో మకారం గట్టిది, దాని వెంట నాలుకను వెనక్కి లాగి పలికే ఒక ఇకారం ఉంటుంది. ఎలుగులో మకారం మెత్తనిది, ఇకారం మనదే. చాలా రష్యన్ హల్లులకు ఇలా గట్టి, మెత్తని జంట రూపాలుంటాయి. 1984లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ చేసిన ప్రసిద్ధ ప్రయోగం మనకు బాగా అర్థమవుతుంది, ఎందుకంటే వాళ్ళు వాడిన ధ్వనులు హిందీ 'త', 'ట'. ఇంగ్లీషు ఇళ్ళలోని ఆరు నుంచి ఎనిమిది నెలల పసివాళ్ళు ఆ తేడా గుర్తుపట్టారు. పది, పన్నెండు నెలలు వచ్చేసరికి చాలామందికి ఆ శక్తి సన్నగిల్లింది. పుట్టిన ఏడాదిలోనే చెవి తన ఇంటి భాషకు తగ్గట్టు బిగుసుకుంటుందన్నమాట. తరవాత నేర్చుకోలేమని కాదు, సాధన కావాలి. ఎలుక బొమ్మ, ఎలుగు బొమ్మ గదికి రెండు మూలల్లో పెట్టి, పేరు పిలవగానే పరుగెత్తమనడం అలాంటి సాధనే. కొన్నిసార్లు పిల్లలే పిలవాలి, పెద్దవాళ్ళు పరుగెత్తాలి.

రష్యన్ పిల్లలకు కూడా నాలుక తేలిగ్గా తిరగదు. అదిరే రకారం వాళ్ళకు ఆలస్యంగా వస్తుంది. మన పిల్లలు రాముణ్ణి లాముడన్నట్టు వాళ్ళు చేప 'రీబ'ను 'లీబ' అంటారు. అందుకే అక్కడ 'లగపేద్' అని పిలిచే ఉచ్చారణ వైద్యుల దగ్గరికి పిల్లలను తీసుకెళ్ళడం మామూలు విషయం. వాళ్ళు చేయించే నాలుక కసరత్తులు ఇంట్లో అద్దం ముందు ఎవరైనా ఆడుకోవచ్చు. గుర్రం డెక్కల చప్పుడు నాలుకతో చేయడం ఒకటి. సున్నం వేసేవాడి కుంచెలా నాలుకను అంగిట్లో ముందుకీ వెనక్కీ నడపడం ఒకటి. పై పెదవికి జామ్ అంటిందనుకుని నాకడం ఇంకొకటి. చివరిదానికి నిజంగా జామ్ పూస్తే అభ్యంతరం చెప్పే పిల్ల ఉండదు.

కార్టూన్ పెట్టేస్తే సరిపోదా అని అడిగేవాళ్ళున్నారు. అమెరికాలో పట్రీషియా కూల్ బృందం 2003లో తొమ్మిది నెలల పసివాళ్ళకు చైనీస్ వినిపించింది. మనిషి ఎదురుగా కూర్చుని 12 విడతలు ఆడించిన పిల్లలు ఆ భాష ధ్వనులను పట్టుకున్నారు. అదే మనిషిని వీడియోలో చూసినవాళ్ళకు, ఆడియోలో విన్నవాళ్ళకు ఏమీ అంటలేదు. తప్పు తెరది మాత్రమే కాదు. 2014లో వచ్చిన మరో ప్రయోగంలో రెండేళ్ళు దాటిన పిల్లలు వీడియో కాల్‌లో కొత్త క్రియలు నేర్చుకున్నారు, ఎందుకంటే అటువైపు మనిషి వాళ్ళకు బదులు పలుకుతోంది. కాబట్టి సరతోవ్‌లోనో కజాన్‌లోనో ఉన్న అమ్మమ్మ, అంటే బాబుష్క, ఫోన్‌లో దుంప లాగించగలదు. 1969లో మొదలైన 'ను, పగజీ!' కార్టూన్ రష్యన్ నేర్పుతుందని పెట్టే తల్లిదండ్రులకు మాత్రం ఒక మాట. అందులో తోడేలు, కుందేలు తరుముకోవడమే తప్ప మాట్లాడుకోవడం బహు తక్కువ. పిల్లలు నవ్వుతారు, అంతే.

అంకెల దగ్గర వంటింటికి వెళ్ళక తప్పదు. పెల్మెని అంటే మాంసం ముద్ద లోపల పెట్టి మడిచి ఉడికించే బుల్లి కజ్జికాయలు. ఆదివారం కూర్చుని ఇంటిల్లిపాదీ చుడితే వందలు అవుతాయి. ఒకటైతే 'పెల్మేన్'. రెండు, మూడు, నాలుగు అయితే 'పెల్మేన్య'. అయిదు నుంచి 'పెల్మేనెయ్'. ఇరవై దాకా అదే. ఇరవై ఒకటి దగ్గర మళ్ళీ ఏకవచనం వచ్చి కూర్చుంటుంది. కాగితం మీద ఇది ఎంత అన్యాయంగా కనిపిస్తుందో చెప్పలేను. పళ్ళెంలోకి ఒక్కొక్కటీ వేస్తూ పైకి లెక్కపెడితే మాత్రం పాటలా నడుస్తుంది. అయిదోదాని దగ్గర పెద్దవాళ్ళు ఆగి పిల్లల వైపు చూడాలి, తోక వాళ్ళు అందించాలి. చెయ్యి పిండిలో ఉన్నప్పుడు తప్పు చెప్పడానికి ఎవరూ సిగ్గుపడరు.

బంతి ఆట ఒకటుంది, వరండా చాలు. వస్తువు పేరు చెబుతూ బంతి విసరాలి. తినేదైతే పట్టుకోవాలి, తినకూడనిదైతే తోసెయ్యాలి. రొట్టె, పట్టుకున్నాడు. చెప్పు, తోసేశాడు. సబ్బు అనగానే పట్టుకున్నాడంటే ఇల్లంతా నవ్వు. రష్యా పిల్లలందరికీ తెలిసిన ఆట ఇది. అర్థం క్షణంలో తట్టకపోతే చెయ్యి కదలదు కాబట్టి మనసులో అనువాదం చేసుకునే వ్యవధి ఉండదు.

తప్పులు వస్తాయి. వాటిని ఎలా చూడాలో కర్నేయ్ చుకోవ్‌స్కీ నేర్పాడు. పిల్లల కవిగా పేరుపొందిన ఈయన పసివాళ్ళ మాటలను దేశమంతటినుంచీ ఉత్తరాల ద్వారా పోగుచేసి 1928లో ఒక పుస్తకం వేశాడు. తరవాతి ముద్రణల్లో దాని పేరు 'రెండు నుంచి అయిదు' అయింది. పార 'లపాత్క' అయితే, తవ్వేది కాబట్టి 'కపాత్క' అన్న పిల్లవాడు అందులో ఉన్నాడు. వీధిలో నిలబడతాడు కాబట్టి పోలీసు పేరులోకి వీధిని జొప్పించిన పిల్లవాడూ ఉన్నాడు. భాష రాక కాదు, భాష నడిచే తీరు తెలిసిపోవడం వల్ల వచ్చిన తప్పులివి. జేన్య గ్వోజ్దెవ్ కూడా తృతీయా విభక్తికి ఒకే తోకను పట్టుకుని కొంతకాలం స్త్రీలింగ మాటలకూ తగిలించాడు. అది తప్పు అని ఆపడం కంటే, సరైన రూపంతో అదే మాటను జవాబులో కలిపి అనేసి ఆట సాగనివ్వడం మేలు. నిజానికి ఇంట్లో వ్యాకరణ పండితుడొకడు ఉంటే ఆటలన్నీ చచ్చిపోతాయి.

చదవడం మొదలుపెట్టే ఈడుకు వచ్చిన పిల్లలకు లెనిన్‌గ్రాద్ ఉపాధ్యాయుడు నికలాయ్ జైత్సెవ్ తయారుచేసిన ఘనాలు రష్యాలో బాగా పేరున్నవి. ఒక్కో ఘనం మీద ఒకే హల్లు ఉంటుంది, అయిదు ముఖాల మీద వేర్వేరు అచ్చులతో: బు, బొ, బ... చివరి ముఖం మీద వట్టి హల్లు. తెలుగువాళ్ళకు దీన్ని వివరించనక్కర్లేదు, ఇది బ గుణింతం. రష్యన్‌లో 33 అక్షరాలు విడివిడిగా నేర్చి కూడబలుక్కోవడం సంప్రదాయం. ఆయన దాన్ని దాటేసి నేరుగా గుణింతానికి వచ్చాడు. గట్టి హల్లులకు పెద్ద ఘనాలు, మెత్తని హల్లులకు చిన్నవి. నాదాలకు లోపల లోహపు ముక్కలు, శ్వాసాలకు చెక్క ముక్కలు. చేతిలో ఆడించగానే చప్పుడు తేడాగా వస్తుంది. అట్టతో ఇంట్లోనే చేసుకోవచ్చు. గుణింతం పైకి చదివి పెరిగిన నాయనమ్మ ఇంట్లో ఉంటే, రష్యన్ ఒక్క ముక్క రాకపోయినా ఈ ఆటలో పిల్లలకు జోడీ కాగలదు.

ముందే ఇంగ్లీషు అక్షరాలు వచ్చిన పిల్లలకు మాత్రం ఒక చిక్కుంది. కొన్ని రూపాలు అవే, పలుకులు వేరు. ఇంగ్లీషు 'పి' ఆకారం ఇక్కడ రకారం. 'హెచ్' ఆకారం నకారం, 'సి' ఆకారం సకారం, 'బి' ఆకారం వకారం. ఈ నాలుగింటికీ వేరే రంగు పూసి, మారువేషం వేసుకొచ్చిన దొంగలని పేరు పెడితే పిల్లలే పోలీసులవుతారు. అచ్చు అక్షరాలు కుదిరేదాకా చేతిరాత జోలికి వెళ్ళకపోవడం మంచిది. రష్యన్ కలిపిరాతలో తకారం ఇంగ్లీషు 'ఎమ్'లా ఉంటుంది, కొన్ని మాటలు వరసగా గీసిన కొక్కేల్లా కనిపిస్తాయి. ఆ గొడవ బడిలో చేరాక చూసుకోవచ్చు.